తరుగు పోను

ఆత్మారాం సార్ “క్యాడెట్” అన్నాడు. పొయ్యి ముందు జొన్నరొట్టె చరుస్తున్న సాయవ్వకు అది “కాడెద్దు” అని వినబడింది. పిండి చేతులతోనే బయటికి వచ్చి నిలబడింది.

“ఏంది సార్, ఇన్నేండ్లు సదివిచ్చింది నా కొడుకును కాడెద్దును జేస్తందుకా? గా కొలువు మా ఇంట్లనే ఉన్నది గదా. పుణె దాంక పోవుడెందుకు?”

నులక మంచం మీద కూర్చున్న ఆమె తమ్ముడు లింబయ్యకు నవ్వు వచ్చి, నములుతున్న చెరుకు ముక్క కొరపోయింది. దగ్గి, కళ్లు తుడుచుకుని, “అక్కా, జర ఆగు. సార్ మాట మొత్తం విను” అన్నాడు.

“కాడెద్దు కాదు సాయవ్వా, క్యాడెట్. మిలిటరీల ఆఫీసరు అయ్యేందుకు శిక్షణ తీసుకునే పిలగాడు” అన్నాడు ఆత్మారాం. ఆయన బోధన్ బడిలో డ్రిల్లు సారు. అంతకుముందు ఫౌజులో హవల్దారు. మాట కూడా అడుగులు లెక్కపెట్టి వేసినట్టే ఉంటుంది.

సార్ మాట దిద్దాడు కాని, అప్పటికే ఆలస్యమైంది. గోడ అవతల నుంచి పోతున్న దేవన్న మొదటి సగం విని వెళ్లిపోయాడు. ఊరికి వార్త మోయడానికి దేవన్నకు ఎప్పుడూ సగమే కావాలి. మిగతా సగం ఆయనే కలుపుకుంటాడు. దీపాలు పెట్టే వేళకు, సర్కారు వాళ్లు రాజలింగు కొడుకును పుణెలో కాడికి కట్టబోతున్నారని ఊళ్లో సగం మంది నమ్మారు. తక్కిన సగం మంది ఆ కాడికి రెండో ఎద్దు ఎవరని అడిగారు.

సార్ చేతిలో కాగితం ఉంది. రాజలింగు కొడుకు ముత్యం పుణె మిలిటరీ అకాడమీ రాత పరీక్ష గట్టెక్కాడు. ఇక బెంగుళూరులో బోర్డు ముందు నిలబడాలి. ఆదివారం సాయంత్రం నిజామాబాదులో రైలెక్కాలి. ఇవాళ మంగళవారం.

“అక్కడేం జేస్తరు సార్?” అన్నాడు సాయవ్వ మొగుడు రాజలింగు. ఆయన అడిగే ప్రశ్నలన్నీ ఎద్దుల సంతలో అడిగినట్టే ఉంటాయి. ముందు పళ్లు చూడాలంటాడు.

“నాలుగైదు దినాలు పెట్టుకుంటరు. మాట్లాడిపిస్తరు. తాడు ఎక్కమంటరు, గుంత దుంకమంటరు, దుంగ మీద నడువుమంటరు. ఎంత జల్ది ఎక్కిండని కాదు చూసేది. తను దాటినంక ఎనకోనికి చెయ్యిచ్చిండా లేదా, అది చూస్తరు. దానికి మార్కులు.”

“మరి కండకు?”

“కండకు మార్కుల్లేవు. ఆఖర్కి డాక్టర్లు చూస్తరు. కండ్లు, చెవులు, పాదాలు, ఛాతి, ఎత్తు, బరువు. వాళ్లు మార్కులెయ్యరు. ‘ఫిట్’ అంటరు, లేకుంటే కొట్టేస్తరు. కొట్టేస్తే ముందల వచ్చిన మార్కులన్ని నీళ్లల్ల పడ్డట్టే.”

ముత్యం గుమ్మానికి ఆనుకుని నిలబడి వింటున్నాడు. పదిహేడేళ్లవాడు, సన్నగా, నిటారుగా, తల దూలానికి తగలకుండా కొద్దిగా వంచుకుని. సార్ అతన్ని అదే గుమ్మానికి నిలబెట్టి, దర్జీ టేపుతో కొలిచి, అచ్చుకాగితంలో వేలు పెట్టి చూశాడు.

“ఈ ఎత్తుకు యాభై నాలుగు కిలోలు ఉండాలె. ఒకటి రెండు అటిటైతే నడుస్తది. బరువెంత నీది?”

ముత్యం తల్లి వైపు చూశాడు. సాయవ్వ మొగుడి వైపు చూసింది. ఆ ఇంట్లో వడ్లు తూచారు, పసుపు తూచారు, చెరుకు తూచారు, ఒకసారి చచ్చిన మేకను కూడా తూచారు. మనిషిని తూచే అవసరం ఎవరికీ రాలేదు.

“నా కాంటా ఏం పాపం జేసింది?” అన్నాడు లింబయ్య లేచి పంచె దులుపుకుంటూ. “రేపు పొద్దుగాల పట్కరాండ్రి. మేనల్లుణ్ణి నేనే తూస్త.”

*

లింబయ్య రామ్‌దాస్ సేఠ్ బెల్లం బట్టీలో కాంటా మనిషి. పద్నాలుగు సీజన్లుగా ఆ కాంటా ముందు ముక్కాలిపీట మీద కూర్చుంటున్నాడు. కాలువ కింది చిన్న రైతులు, ఫ్యాక్టరీ దాకా పోలేనివాళ్లు, చెరుకు ఇక్కడికే తెస్తారు. నేలలో బిగించిన ఇనుప పలక, దాని పక్కన నిలువు కంబం, కంబం మీద అంకెల కడ్డీ, కడ్డీ మీద జరిగే ఇత్తడి గుండు. కాలువ గాలికి కడ్డీ ఊగకుండా రైతులు నిలబడే వైపు ఒక చెక్క అడ్డం కొట్టి ఉంది. అందుకని కడ్డీ చదివే భాగ్యం లింబయ్య ఒక్కడిదే. కాంటాకు కన్ను అతనిది, నోరూ అతనిదే.

ఆ కాంటా అంటే అతనికి ప్రాణం. తెల్లారగానే పలక మీది పిప్పి ఊడ్చి, గుండును చింతపండుతో తోమి, ముద్రవేసిన రాళ్లను ఒక్కొక్కటి పెట్టి పరీక్ష చేసుకుంటాడు. ముద్రలు చూసే ఇన్‌స్పెక్టరు ఏడాదికోసారి వచ్చి, తులం తేడా దొరక్క చెరుకు రసం తాగి పోతాడు.

బుధవారం ముందు వరుసలో దేవన్న బండి ఉంది. మోపులు పలకెక్కాయి. లింబయ్య గుండు జరిపాడు. కడ్డీ ఊగి, నిలిచింది. అతని కన్ను అంకె మీద పడటం, నోరు తెరుచుకోవడం ఒకేసారి జరిగాయి. అంకె పలికి, సుద్దముక్కతో బండి పక్క చెక్క మీద రాశాడు.

“గింతేనా లింబన్నా?” అన్నాడు దేవన్న. “ఆకు మొత్తం కొట్టేసిన. మొదళ్లు కాలువల కడిగి తెచ్చిన. నా పెండ్లాం మొఖం సుత అంత శుద్ధిగ కడగదు.”

“కాంటా అబద్ధం చెప్తదా దేవన్నా?”

“కాంటా చెప్పదు. తరుగెంత తీసినవ్?”

“మామూలే.”

మామూలు అంటే ఏమిటో ఊరందరికీ తెలుసు. ఆకుకూ మన్నుకూ నూటికి అయిదు. ఎప్పుడో పెద్దలూ సేఠూ కూర్చుని అనుకున్న మాట. మామూలు అన్నాక ఎవరూ మారుమాటాడరు; అదే ఆ మాటలోని మహిమ.

తరువాత ముత్యం వచ్చాడు. చెప్పులు విప్పి, చొక్కా సర్దుకుని, గుడిమెట్టు ఎక్కినట్టు పలక ఎక్కాడు. వెనక రాజలింగు, సాయవ్వ, కాగితం పట్టుకుని ఆత్మారాం సార్. బళ్ల మీది జనమంతా కాడెద్దును చూడటానికి దిగారు.

“కదలకురా” అన్నాడు లింబయ్య. గుండును రెండు వేళ్లతో, పసిపిల్లవాడి బుగ్గ నిమిరినట్టు జరిపాడు. కడ్డీ నిలిచింది.

“నలభై ఎనిమిది.”

అలవాటు చొప్పున సుద్దముక్క తీసి ముత్యం వీపు మీద, చొక్కాపై, 48 అని రాసేశాడు.

సార్ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. సాయవ్వ కొడుకు భుజం పట్టుకుని, ఆరు కిలోలు ఎక్కడ తక్కువైనాయో వెతుకుతున్నట్టు ముందుకీ వెనక్కీ తిప్పి చూసింది.

“మళ్లొక్కసారి తూయి మామా” అన్నాడు ముత్యం.

లింబయ్య మళ్లీ తూచాడు. మళ్లీ అంతే. అబద్ధం చెప్పని కాంటా మీద అతనికి మొదటిసారి కోపం వచ్చింది. మేనల్లుడి చేతిలో ఉడుకుడుకు బెల్లం ముద్ద పెట్టాడు.

*

ఆ సాయంత్రం రాజలింగు తేల్చేశాడు. “అంత దూరం పోయి, అన్ని గెలిచి, ఆఖర్కి డాక్టరు ముందల ఓడి వచ్చుడెందుకు? ఊరంత నవ్వుతది. చెరుకు నరుకుడు ఇంక ఎకురం మిగిలే ఉన్నది. బరువు లేనోడు పోతే పరువు పోతది.”

“బాపూ, నేను పోత” అన్నాడు ముత్యం. గట్టిగా అనలేదు. ఆ ఇంట్లో గట్టిగా అనని మాటలే నిలుస్తాయని లింబయ్యకు తెలుసు.

చివరికి ఆత్మారాం సార్ ఒక దారి చూపాడు. నిజామాబాదు కంఠేశ్వర్‌లో ఫౌజులో పనిచేసి వచ్చిన ముసలి డాక్టరు ఉన్నాడు. మిలిటరీ వాళ్లు చూసినట్టే చూస్తాడు. శనివారం ఆయన దగ్గరికి పోదాం. సరే అంటే ఆదివారం రైలు. కాదంటే చెరుకు చేను. రాజలింగు ఒప్పుకున్నాడు. సంతలో మూడో మనిషి మాట మీద బేరం తెగడం ఆయనకు కొత్తేమీ కాదు.

ఇక మధ్యలో రెండే రోజులు. సాయవ్వ యుద్ధం ప్రకటించింది. తరుగు మీద ఆమె ఆయుధం పెరుగు. పొద్దున గడ్డపెరుగు, పదింటికి అరటిపండ్లు, మధ్యాహ్నం నెయ్యిలో మునిగిన అన్నం, మూడింటికి నువ్వుల ముద్దలు, సందె వేళ మళ్లీ పెరుగు. పెరుగు తింటే పెరుగుతాడని ఆమె లెక్క. మాటలోనే మందు ఉందంటుంది. పైగా పరుగు బంద్.

“ఉరికితే కండ కరుగుతది. మంచం దిగకు” అన్నది.

“ఉరకకుంటే తాడెక్కలేడు” అన్నాడు సార్ వాకిట్లో నిలబడి. “ఏడు గంటలకు కాలువ గట్టు మీదికి రావాలె.”

“మీ తాడు మీ దగ్గెర పెట్టుకోండ్రి సార్. ముందుగాల నా బిడ్డ తూకంల నిలవాలె.”

“తూకం కోసం పండబెడితే ఊపిరి నిలవది సాయవ్వా. డాక్టరు ఛాతి సుత కొలుస్తడు.”

ఇద్దరి మధ్యా ముత్యం, ఇటు పెరుగు గిన్నె, అటు పరుగు గట్టు. గురువారం లింబయ్య కాంటా నుంచి భోజనానికి వస్తూ చూశాడు. చింతచెట్టుకు బండి మోకు కట్టి, ముత్యం చేతులతో పట్టుకుని ఎక్కుతున్నాడు. కింద హవల్దారు పెద్దరికంతో సార్, పక్కనే పెరుగు గిన్నెతో సాయవ్వ. దిగగానే తాగించడానికి నిలబడి ఉంది. రాజీ కుదిరిందన్నమాట: ఎక్కేటప్పుడు సార్ శిష్యుడు, దిగేటప్పుడు అవ్వ కొడుకు.

దిగాక ముత్యం అరచేతులు చూసుకున్నాడు. మోకు ఒరిపిడికి ఎర్రగా కమిలి ఉన్నాయి.

“మామా, నిజం చెప్పు. నలభై ఎనిమిది అంటే బాగ తక్కువనా?”

లింబయ్య తలపాగా విప్పి, మళ్లీ చుట్టుకున్నాడు. “నా కాంటాకు మొఖమాటం లేదురా. నీకు ఒక కిలో ఎక్కువ చెప్పాలని నాకు లేదా? నోరు రాలే.”

శుక్రవారం మళ్లీ తూచాడు. నలభై తొమ్మిది. ఒక కిలో పెరిగింది. సాయవ్వ మొహం వెలిగింది. రెండు రోజులకో కిలో అయితే పన్నెండో రోజుకు గట్టెక్కుతాడు; రైలు మాత్రం ఎల్లుండి. ఆ రాత్రి ఆమె శనగపప్పు పూర్ణం పెట్టి బచ్చాలు చేసింది. ముత్యం ఎనిమిది తిని, తొమ్మిదోదాని ముందు చేతులు జోడించాడు.

*

శనివారం బస్సులో నలుగురు పోయారు: ముత్యం, రాజలింగు, సార్, లింబయ్య. కాంటా మనిషి ఎందుకని రాజలింగు అడిగాడు. “డాక్టరు దగ్గెర ఉండేటిది ఏం కాంటానో, ఎవడు ముద్రేసిండో, నేను చూడాలె బావా. తప్పు తూచే కాంటా మీద నా అల్లుని పానం పెడతనా?” అన్నాడు లింబయ్య. ఆ నాటికి అతనికి జిల్లాలో నమ్మదగిన కాంటా ఒక్కటే.

డాక్టరు తెల్లమీసాల మనిషి. ముత్యాన్ని నిక్కరు మీద నిలబెట్టి మోకాళ్లు తగులుతున్నాయా చూశాడు. తడి కాళ్లతో సిమెంటు మీద నడిపించి, పాదం గుర్తు మధ్యలో నేల ఖాళీగా ఉందని తల ఊపాడు. గోడ మీది అక్షరాలు చదివించాడు. వెనక్కి తిప్పి గుసగుసగా అంకెలు పలికి, చెప్పమన్నాడు. ఊపిరి వదిలించి ఒకసారి, పీల్పించి ఒకసారి ఛాతీ కొలిచాడు. ఒక్కొక్కటి అయినప్పుడల్లా రాజలింగు, ఈసారి సంతలో అమ్మేవాడి వైపు నిలబడినట్టు, ఒక అడుగు ముందుకు వేశాడు.

“బరువు” అన్నాడు డాక్టరు.

మూలలో కాంటా ఉంది. చిన్నది, తెల్లరంగుది. కాని అదే ఇనుప పలక, అదే కంబం, అదే కడ్డీ, కడ్డీ మీద అదే గుండు. లింబయ్యకు అది తన కాంటాకు తమ్ముడిలా అనిపించింది. వంగి ముద్ర చూశాడు. ఉంది. ఖాళీ పలక మీద కడ్డీ సమంగా నిలుస్తుందా చూశాడు. నిలిచింది.

డాక్టరు నవ్వాడు. “నువ్వేం పని చేస్తవ్?”

“కాంటా మనిషిని డాక్టర్ సాబ్. చెరుకు కాంటా.”

“అయితే నువ్వే తూయి.”

ముత్యం ఎక్కాడు. లింబయ్య రెండు వేళ్లతో గుండు జరిపాడు. కడ్డీ ఊగి, నిలిచింది.

“నలభై తొమ్మిది” అన్నాడు లింబయ్య. “చూసినవా బావా? నిన్న నా కాంటా మీద ఎంతనో ఇయ్యాల గంతే.”

డాక్టరు కళ్లజోడు సర్దుకుని వంగాడు. ఇక్కడ చెక్క అడ్డం లేదు. ఆయన కడ్డీ వైపు చూసి, లింబయ్య వైపు చూశాడు.

“మళ్లొకసారి చదువు.”

“నలభై…” అని లింబయ్య ఆగిపోయాడు.

గుండు యాభై ఆరు మీద ఉంది. యాభైకి ఆవల ఆరు గీతలు. అంకెలు స్పష్టంగా, నల్లగా ఉన్నాయి. అతని కన్ను యాభై ఆరు చూస్తోంది. అతని నాలుక నలభై తొమ్మిది దగ్గర సిద్ధంగా నిలబడి ఉంది. కంటికీ నోటికీ నడుమ ఎవరో కూర్చుని ఉన్నారు. పద్నాలుగేళ్లుగా కూర్చున్నవాడే; ఇవాళే లింబయ్య వాణ్ణి చూశాడు.

“యాభై ఆరు” అన్నాడు మెల్లగా.

“ఎత్తుకు సరిగ్గ ఉన్నడు. బరువు తక్కువని ఎవరన్నరు?” అన్నాడు డాక్టరు.

సార్ చేతివేళ్ల మీద ఏదో లెక్కపెట్టి, మధ్యలో ఆపేసి, కిటికీ వైపు చూశాడు. రాజలింగు చూపు మాత్రం గుండు మీదనే ఉంది. ఆయన తొమ్మిది సీజన్లుగా ఆ అడ్డపు చెక్కకు ఇవతల నిలబడిన మనిషి.

“రాత్రి అవ్వ బచ్చాలు జేసింది” అన్నాడు ముత్యం, అందరినీ కాపాడాలని.

“ఏడు కిలోల బచ్చాలా?” అన్నాడు డాక్టరు. “తినుడు చాలు. ఉరుకుడు బంద్ చెయ్యకు. బరువు నీకు ఉన్నది. ఆ బరువును తాడు మీదికి గుంజుకపోవాలె, గంతే. పో, మా పాత దోస్తులకు నా సలాం చెప్పు.”

*

తిరుగు బస్సులో రాజలింగు కిటికీ పక్కన కూర్చున్నాడు. లింబయ్య ఆయన పక్కన. బయట చెరుకు బళ్లు ఒకదాని వెనక ఒకటి. ప్రతి బండినీ రాజలింగు తల తిప్పి చూస్తున్నాడు. ప్రతి బండికీ లింబయ్య తల దించుకుంటున్నాడు.

రెంజల్ తోవ దాటాక రాజలింగు అడిగాడు, “లింబా, తరుగు నూటికెంత?”

“అయిదు… మొదట్ల అయిదు.”

“మొదట్ల.”

“వానలు ఎక్కువైన యాడాది మొదళ్లకు బురద మస్తుండె. అప్పటి కాంటా మనిషి, నాకు పని నేర్పినాయన, ఇంకో నాలుగు తియ్యమన్నడు. వాన పోయింది. నాలుగు పోలె. ఎనక మోపుకట్టే మోకులకని రెండు. ఎండకు రసం గుంజుకపోతదని ఒకటి. పన్నెండాయె బావా. నేను తియ్యాలని తియ్యలే. గుండు నిలిస్తె నా నోట్లకెళ్లి తరుగు పోనుదే వస్తది. అసలు తూకం పలికి ఎన్నేండ్లాయెనో.”

“పోరనికి ఏం బురద ఉండె? ఏం మోకు ఉండె?”

ముందు సీట్లో ముత్యం మెడ వంచుకుని నిద్రపోతున్నాడు. వీపు మీద సుద్ద గీతలు. ఉతికినా పూర్తిగా పోలేదు.

బోధన్ దగ్గరపడుతుండగా రాజలింగు ఒక్క మాట అన్నాడు. “నేను ఎవ్వలకు చెప్పను. పిలగాని మేనమామవు. నీది నువ్వే చూసుకో.”

తిట్టి ఉంటే లింబయ్యకు కొంత తేలికగా ఉండేది.

*

ఆదివారం పొద్దున లింబయ్య రోజూకంటే ముందే పోయాడు. పిప్పి ఊడ్చాడు. గుండు తోమాడు. ముద్రరాళ్లు పెట్టి చూశాడు. తులం తేడా లేదు. కొంచెంసేపు పీట మీద కూర్చుని, లేచి, గడ్డపలుగు తెచ్చి అడ్డపు చెక్కకు కొట్టిన మేకులు పీకసాగాడు. తుప్పు పట్టిన మేకులు కీచుమన్నాయి.

దేవన్న బండి మీద నుంచి చూశాడు. “ఏందిది లింబన్నా, కాంటాను పాత ఇనుమోనికి అమ్ముతున్నవా?”

“గాలి తగలాలని. పద్నాలుగేండ్లాయె దీనికి గాలి తగలక.”

చెక్క ఊడి కింద పడింది. కడ్డీ, అంకెలు, గుండు అన్నీ ఎండలో మెరిశాయి. రైతులు ఒక్కొక్కరే దగ్గరికి వచ్చి, కొత్తకోడలి మొహం చూసినట్టు చూశారు. రామ్‌దాస్ సేఠ్ కూడా పెనాల దగ్గరి నుంచి నురుగు తీసే గరిటెతోనే వచ్చాడు.

అప్పుడే బస్సుకు పోతూ ముత్యం వాళ్లు అటు వచ్చారు. రేకుపెట్టె ఆత్మారాం సార్ నెత్తిన ఉంది. హవల్దారు నెత్తిన పెట్టె ఉంటే ఊరు వాళ్లకు యుద్ధం మొదలైనట్టే అనిపిస్తుంది.

“ఇటు రా ముత్యం. ఎక్కు” అన్నాడు లింబయ్య.

ముత్యం తండ్రి వైపు చూసి, చెప్పులు విప్పి ఎక్కాడు. లింబయ్య గుండు జరిపాడు. కడ్డీ నిలిచింది.

“దేవన్నా, నువ్వు చదువు.”

దేవన్న దగ్గరికి వచ్చి, కళ్లు చిట్లించి, వేలు పెట్టి గీతలు లెక్కపెట్టాడు. “యాభై… ఆరు.”

“ఇగ వినుండ్రి. బుధారం నాడు మీ అందరి ముందల ఈ పోరన్ని తూసి నలభై ఎనిమిది అన్న. గా దినం కడ్డీ మీద యాభై అయిదు ఉండె. ఏడు నేను మింగిన. తరుగు.”

“మనిషికి తరుగేంది?” అన్నది సాయవ్వ.

“గదే అక్కా. మనిషికి ఆకు లేదు, మన్ను లేదు, మోకు లేదు. అయినా నా నోరు తీసేసింది. ఎందుకంటే నా నోటికి అదొక్కటే వస్తది.” జనం వైపు తిరిగాడు. “మీకు నూటికి అయిదని చెప్తున్న. తీసేది పన్నెండు.”

అతను ఒక్కొక్కటి చెప్పాడు: పెద్దలు అనుకున్నవి అయిదు, వానల ఏడాది నాలుగు, మోకులకు రెండు, ఎండకు ఒకటి. చెప్తున్నంతసేపూ వేళ్లు విప్పుతూ పోయాడు, చేతులు రెండూ చాల్లేదు. దూరంగా పెనంలో పాకం బుడబుడమంటోంది.

దేవన్న తన బండి వైపు, కాలువలో కడిగి తెచ్చిన మొదళ్ల వైపు చూసుకున్నాడు. “నా చెరుకుల మన్నెక్కడిదని నా పెండ్లాన్ని తిట్టిన. రోజు ఇద్దరం కాలువల నిలబడి కడిగినం. కాళ్లు నానిపాయె.”

“గా మన్ను నా నోట్లుండె దేవన్నా.”

సేఠ్ గరిటెను చేతి నుంచి చేతికి మార్చుకున్నాడు. “అయిదే గదా మన మాట. నాకు చెప్పనేలేదు నువ్వు.”

“నువ్వు అడుగలేదు సేఠ్. తక్కువైతె అడుగుతరు గాని, ఎక్కువైతె ఎవరడుగుతరు?”

సేఠ్ ఊడిన చెక్క వైపు చూశాడు. చుట్టూ పద్దెనిమిది బళ్లున్నాయి. చెరుకు కొట్టి తెచ్చిన పద్దెనిమిది మంది కడ్డీని చూడటం నేర్చుకుని నిలబడి ఉన్నారు. “ఇయ్యాలటి సంది అయిదు. చెక్క పొయ్యిల పెట్టండ్రి, మస్తు ఎండింది” అని ఆయన పెనాల వైపు నడిచాడు.

లింబయ్య కొలువు పోతుందని రాజలింగు అనుకున్నాడేమో, ఇప్పటిదాకా బిగబట్టిన ఊపిరి వదిలాడు. డాక్టరు ఉండి ఉంటే ఛాతీ కొలిచేవాడు.

“అన్ని సమజైనయి గాని,” అన్నాడు దేవన్న, “పోరన్ని కాడికి కట్టుడు సంగతేంది? ఊరంతకు చెప్పిన నేను.”

ఆత్మారాం సార్ పెట్టె దించి, మీసం దువ్వి, అక్షరం అక్షరం పలికాడు. “క్యా-డె-ట్. ఆఫీసరు శిక్షణల ఉండే పిలగాడు. ఎద్దు లేదు, కాడి లేదు. బెంగుళూరుల బోర్డు సరే అంటే, డాక్టర్లు ఫిట్ అంటే, పుణె దగ్గెర మూడేండ్లు. ఎనుక అందరు సలాం కొడతరు.”

“గట్లనా?” అన్నాడు దేవన్న, కాస్త నిరాశగా. “నేను రెండో ఎద్దు ఎవరని మంగళారం సంది ఆలోచిస్తున్న.”

“నువ్వే ఉన్నవ్ గద” అన్నది సాయవ్వ. బళ్ల మీద నవ్వు పుట్టి వరుస చివరి దాకా పోయింది.

ముత్యం పలక దిగబోయాడు. సాయవ్వ ఆపింది. కడ్డీ దగ్గరికి వచ్చి, జీవితంలో మొదటిసారి తానే వంగి చూసింది. ఆమెకు చదువు రాదు. కాని గుండు ఎక్కడుందో కనిపిస్తుంది.

“లింబా, బుధారం ఇది యాడ ఉండె?”

లింబయ్య యాభై అయిదు మీద వేలు పెట్టాడు. “గీడ ఉండె.”

“ఇయ్యాల?”

“గీడ.” వేలు ఒక గీత పక్కకు జరిగింది.

“అంటె గీ నడుమ ఉన్నది నా పెరుగు, నా బచ్చాలు” అన్నది సాయవ్వ. “దాంట్లకెళ్లి ఏం తియ్యకు.”

“అది నీదే అక్కా” అన్నాడు లింబయ్య. “ఒక్క కిలో. తరుగు లేదు.”

సుద్దముక్క తీసి, మేనల్లుణ్ణి వెనక్కి తిప్పి, ఉతికిన చొక్కా వీపు మీద మెల్లగా, పెద్దగా, అందరికీ కనిపించేలా 56 అని రాశాడు. తరువాత పీట మీద కూర్చుని, దేవన్న బండిని రమ్మన్నాడు.